శుక్రవారం నలభై పెట్టెలు

సెమరాంగ్,
ఆదివారం ఉదయం.

చిరంజీవి లారస్‌ను వంటింటి గడప మీద కూర్చుని మీ అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, అమ్మకానికి ఫలహారాలు వండటంలో నాకు సాయం చేసే తుమినీ, నువ్వు పేరు పెట్టకుండా వదిలేసి వెళ్ళిన పిల్లీ, ముగ్గురం క్షేమం. అక్కడ తెర్నాతెలో నువ్వు వేళకు తిని, వేళకు నిద్రపోతూ క్షేమంగా ఉన్నావని నమ్ముతున్నాను. నిద్ర సంగతి నమ్మడం లేదు, ఊరికే రాశాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నవ్వకు. మొదలుపెట్టింది నువ్వే. ఫోన్లో చెప్పలేక రాస్తున్నానన్నావు. నా సంగతీ అదే. ఫోన్లో నేను అసలు విషయానికి వచ్చేసరికి నీకు సిగ్నల్ పోతుంది, లేకపోతే మీ బడి గంట మోగుతుంది. మీ లెక్కల మాస్టారు సెలవు ముగించుకుని మంగళవారం బయల్దేరుతున్నాడు కాబట్టి అతనితో ఈ ఉత్తరమూ, రెండు డబ్బాల మాంసప్పొడీ పంపిస్తున్నాను. ఒక డబ్బా నీకు, ఒకటి అతనికి. ఏది పెద్దదో చూసుకుని తీసుకో. అన్నట్టు, లవంగాల దీవిలో మూడేళ్ళుగా ఉంటున్నావు, ఒక్క గుప్పెడు లవంగాలు పంపిన పాపాన పోలేదు. ఇక్కడ వాటిని బజార్లో కొనుక్కుంటున్నానని చెబితే తుమిని పడీ పడీ నవ్వింది.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. నా మోకాలు తగ్గలేదు, పెరగలేదు. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. మనింట్లో ఉన్నవి రెండు మెట్లు, అవీ సముద్రపు నీళ్ళు లోపలికి రాకుండా మీ నాన్న కట్టించినవి. వాటిని ఎక్కకపోతే ఎక్కడ ఉండను? నీళ్ళ సంగతి అడిగావు. పోయిన నెల పోటుకు వీధిలో పిక్కల దాకా వచ్చాయి, మన గుమ్మం దగ్గర ఆగాయి. ఫ్రిజ్ కింద ఇంకో వరస ఇటుకలు పెట్టించాను. ఇప్పుడు పై అరలో గుడ్లు తియ్యాలంటే తుమిని స్టూలెక్కుతోంది. మీ నాన్న మోటార్‌సైకిల్ నేనింకా అమ్మలేదు. కొంటానని వచ్చినవాడు దాని సీటు చూసి నవ్వాడు. నవ్వినవాడికి ఎలా అమ్ముతాను?

ఇక నాలుగో ప్రశ్న. దాన్ని చదివిన రోజు లుంపియా చుట్టల్లో పెట్టే కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ముప్ఫై ఏళ్ళ చేతి అలవాటు అలా తప్పిందంటే నా స్థితి అర్థం చేసుకో.

నాకు తెలిసినంతలో నీ పని ఏమిటో రాస్తాను, తప్పుంటే దిద్దు. మన దేశంలో ఏ రోజు సెలవో, పండగకు ఎన్ని రోజులు కలిపి ఇస్తారో, ఏ తేదీ నుంచి లారీలు పెద్ద రోడ్డెక్కకూడదో మంత్రులు సంతకం పెడితే తేలుతుంది. సంతకం పెట్టాక కూడా మారుస్తారు. ఆ తేదీలన్నీ పెట్టుకుని, ఏ కంప్యూటరు అడిగినా జవాబు చెప్పే ప్రోగ్రాం ఒకటి నువ్వు రాశావు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు అన్నావు. తీసుకున్నారు. జీతాలు లెక్కగట్టేవాళ్ళు, టికెట్లు అమ్మేవాళ్ళు, సరుకు తోలేవాళ్ళు, అందరూ. ఏడేళ్ళుగా బడిలో పాఠాలు చెప్పి వచ్చి నువ్వు దాన్ని సరిచేస్తూ కూర్చుంటావు. బాగా నడిచినన్నాళ్ళూ ఎవరూ నీ పేరెత్తరు. ఒక్క తేదీ తప్పితే మాత్రం ముక్కూ మొహం తెలియనివాళ్ళంతా తిట్లు రాస్తారు.

నువ్వు రాసిన మాటలే ఇవి: "కంపెనీలన్నీ వాడుకుంటున్నాయి గానీ నా పనికి ఒక్క రూపియా విలువుందని ఒక్కరూ అనుకోలేదమ్మా. కాంట్రాక్టు టీచరు జీతం గది అద్దెకే సరిపోతుంది. ముప్ఫై ఒకటి వచ్చాక కూడా నెలనెలా నీ దగ్గర డబ్బు తీసుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఎవరో ఒకాయన మెయిళ్ళు రాస్తున్నాడు, ప్రోగ్రాం తాళాలు ఇచ్చెయ్యండి, ఇకనుంచి నేను చూసుకుంటానని. నెలాఖరుకు ఇచ్చేస్తాను. తప్పా?"

తల్లీ, నెలనెలా నేను పంపే డబ్బు నాది కాదు. అది నీదే. ఏడాదిన్నరగా ఒక కంపెనీ నీ ప్రోగ్రాంకు ఇస్తున్న డబ్బు అది.

కాస్త మంచినీళ్ళు తాగి మిగతాది చదువు. కోపం వస్తే రానీ.

మీ నాన్న పోయిన నలభయ్యో రోజు గుర్తుందా? ముందు గదిలో అందరూ ప్రార్థనకు కూర్చున్నారు, నువ్వు వంటింటి వెనక కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. నేను వచ్చి అనరాని మాటలన్నాను. కన్నతండ్రి కంటే ఆ పెట్టె ఎక్కువైందా అన్నాను. నువ్వు తలెత్తకుండా "పావుగంటమ్మా, ఒక్క పావుగంట" అన్నావు. ఆ పూట మంత్రులు పండగ సెలవులూ, లారీలు ఆగాల్సిన తేదీలూ మార్చారని, నువ్వు వాటిని దిద్దుతున్నావని నాకేం తెలుసు? ఆ పావుగంట వల్ల ఓడరేవు దగ్గర ఒక సరుకు రవాణా కంపెనీలో అరవై లారీల రొయ్యలు బయల్దేరకుండా ఆగాయి. బయల్దేరి ఉంటే రోడ్డు మీద ఆపేసేవాళ్ళు, రొయ్యలన్నీ పారబోసుకునేవాళ్ళు. ఇది నాకు చెప్పింది ఆ కంపెనీ కంప్యూటర్ల పెద్ద పాక్ హెంద్రో.

ఆయన పేరు నీకు తెలుసు. ఆ తర్వాత నీకు మెయిల్ రాసి, మా కంపెనీ చేత మీకు డబ్బు ఇప్పిస్తానన్నాడు. నువ్వు బ్యాంకు నంబరు పంపించావు, మా అమ్మ వంటిల్లు మీ ఓడరేవు పక్కనే, లుంపియాలు బాగుంటాయి, ఒకసారి వెళ్ళి తినండి అని కూడా రాశావు. తర్వాత ఆయన దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. "చూశావా, అందరూ ఇంతే" అన్నావు నాతో.

అందరూ అంతే కాదు. ఆయన ఒకరోజు మన వంటింటికి వచ్చాడు. పొట్టి మనిషి, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. నాలుగు లుంపియాలు తిని, చెయ్యి కడుక్కుని, దిగాలుగా కూర్చున్నాడు.

"మీ అమ్మాయికి ఇద్దామంటే మా కొనుగోళ్ళ విభాగం ఒప్పుకోవడం లేదు బు తర్మీ. ధర సున్నా ఉన్నదాన్ని ఎలా కొంటామంటారు. పోనీ విరాళమంటే, ఆ పద్దు అనాథాశ్రమాలకీ మసీదులకీనట."

"మరి ఏ పద్దులో డబ్బుంది మీ దగ్గర?" అన్నాను.

ఆయన ప్లేటు వంక చూశాడు. "ఫలహారాల పద్దులో బోలెడుంది."

అదీ తల్లీ జరిగింది. ప్రతి శుక్రవారం వాళ్ళ మీటింగుకు నలభై ఫలహారం పెట్టెలు మన దగ్గర కొనడం, నా ఖర్చులు పోను మిగిలిన లాభమంతా నేను నీకు పంపడం. "ఆర్నెల్లలో దీన్ని సరైన దారిలో పెడతాను, అప్పటిదాకా అమ్మాయికి చెప్పకండి, మొహం చెల్లదు నాకు" అన్నాడు. ఆ మీటింగుకు వచ్చేది పదకొండు మంది. మిగతా ఇరవై తొమ్మిది పెట్టెలూ వాచ్‌మన్లకూ లారీ డ్రైవర్లకూ వెళ్ళేవి. వాళ్ళకి నేను శుక్రవారం అమ్మగారిని, "శుక్రవారం బు" అని పిలుస్తారు. ఒక డ్రైవరు లెంపర్‌లో కోడి తక్కువైందని నాతో పోట్లాడాడు కూడా. నీ ప్రోగ్రాం జీతం అరిటాకులో చుట్టిన లెంపర్ అన్నంముద్దలుగా మారి ఆ డ్రైవర్ల కడుపుల్లోకి వెళ్ళి, మిగిలింది నీకు చేరేది. నవ్వొస్తే నవ్వు. నాకు ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఎందుకంటే నీ ఉత్తరం చదివాక తెలిసింది, నేను చేసిన పని ఎంత చెడ్డదో. నీ పనికి విలువిచ్చి ఒకళ్ళు డబ్బిస్తుంటే, దాన్ని అమ్మ పెట్టే దానం అనుకుని నువ్వు సిగ్గుపడుతున్నావు. ఎవరికీ పట్టలేదనుకుని వదిలేయబోతున్నావు.

మర్నాడే బట్టలు మార్చుకుని కంపెనీకి వెళ్ళాను. పెట్టెలు లేకుండా ఉత్త చేతులతో వచ్చిన నన్ను చూసి వాచ్‌మన్ మొహం మాడ్చుకున్నాడు. పాక్ హెంద్రోకు నీ ఉత్తరంలో ఆ వాక్యాలు చూపించాను. క్షమించు. తాళాలు అడుగుతున్న మనిషి సంగతి చదివి ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఎవరో తెలియనివాడికా? వాడు దాంట్లో ఏం కలిపినా ఇక్కడి నుంచి దేశం ఆ చివర పపువా దాకా అన్ని ఆఫీసుల్లోకీ వెళ్ళిపోతుంది బు!"

"నాతో అరిచి లాభమేంటి? ఏడాదిన్నరగా నా చేత లెంపర్లు చుట్టించారు. అరవాల్సిన చోటికి నడవండి," అన్నాను.

అలా ఇద్దరం కొనుగోళ్ళ విభాగం పెద్ద ఇబు యునియార్తి ముందుకు వెళ్ళాం. మనిషి నా వయసుదే. కళ్ళజోడు తాడుకు కట్టి మెడలో వేసుకుంటుంది. చెడ్డది కాదు, కాగితం లేకుండా ఊపిరి కూడా పీల్చదు, అంతే. పాక్ హెంద్రో అంతా చెప్పాడు, పెట్టెల సంగతితో సహా. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆయన్ని చూసి, తీసి నన్ను చూసింది.

"అయితే ఆ లెంపర్లు..."

"లెంపర్లు నిజమైనవే, మీరూ తిన్నారు," అన్నాను.

"తిన్నాను. బాగున్నాయి. చూడండి బు తర్మీ, మీ అమ్మాయి మంచిదే. కానీ ఏది కొనాలన్నా ముగ్గురి దగ్గర కొటేషన్లు తేవాలి మేం. ఇంకో ఇద్దరివి తెప్పించండి, పరిశీలిస్తాను."

"ఇంకో ఇద్దర్ని ఎక్కడ తెచ్చేదమ్మా? నేను కన్నది ఒక్కదాన్నే!"

పాక్ హెంద్రో దగ్గుతున్నట్టు నటించాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"పోనీ విరాళంగా రాద్దామంటే ఫోటో కావాలి. పెద్ద అట్ట చెక్కు పట్టుకుని, అనాథ పిల్లలతో."

"దాని తండ్రి పోయాడు గానీ నేనింకా బతికే ఉన్నాను కదా," అన్నాను. ఆ మాట అని చేత్తో మొహం తుడుచుకున్నాను. ఆవిడ లేచి మంచినీళ్ళు ఇచ్చింది.

ఆ గది కిటికీ కింద పంపు ఒకటి గుడగుడమని మోగుతోంది. ఆ వీధిలో సముద్రపు నీళ్ళు తోడే పంపు నీకు తెలుసుగా. దాన్ని చూసుకునే సర్మిన్ పాంటు మోకాళ్ళ దాకా మడిచి, చేతికి నూనె పూసుకుని తిరుగుతున్నాడు. నీళ్ళు తాగుతూ ఊరికే అడిగాను. నిజంగా ఊరికే, నాకప్పటికి ఏ ఆలోచనా లేదు.

"సర్మిన్‌కి జీతం ఎవరిస్తారు?"

"వీధిలో తొమ్మిది గోదాములూ తలా కొంచెం వేసుకుంటాం."

"అతన్ని మూడు కొటేషన్లు తెమ్మన్నారా?"

"అతను పంపు చూసుకునేవాడు బు! అతన్ని కొనడమేంటి?"

"మరి సముద్రం పొంగని నెలల్లో ఇవ్వరా?"

"ఇవ్వకపోతే ఎలా? నూనె వెయ్యకపోతే పోటు వచ్చేసరికి తుప్పు పట్టి ఉంటుంది."

"మీరే ఇస్తున్నారు కదా, మా ముంగిలి ఒక్కటే తోడు అంటారా అతన్ని?"

"వీధి నీళ్ళు అలా విడగొట్టి తోడతారా ఎవరైనా? పదో గోదాం వాడు ఒక్క పైసా ఇవ్వడు. వాడి ముంగిలీ ఆరుతుంది. ఏం చేస్తాం, మాది ఆరాలిగా..."

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. నేను గ్లాసు కింద పెట్టాను. పాక్ హెంద్రో మెల్లగా అడిగాడు, "సర్మిన్ ఏ పద్దులో ఉన్నాడు మేడమ్?"

"నిర్వహణ," అంది ఆవిడ. "రోడ్డు, పంపు, జనరేటరు." సొరుగు లాగి ఒక కాగితం తీసింది. "ఇంత చిన్న మాట ఏడాదిన్నర కిందటే చెప్పి చావొచ్చుగా హెంద్రో! కొంటాం, కొంటాం అని నా ప్రాణం తీశావు."

నాకు కంపెనీల సంగతి తెలియదు తల్లీ, వంట తెలుసు. కానీ ఆ రోజు ఒకటి అర్థమైంది. వాళ్ళు పిసినారులై నీకు ఇవ్వకపోవడం కాదు. నువ్వు అమ్మేదానివనుకున్నారు, అమ్మడం లేదు. అడిగేదానివనుకున్నారు, అడగలేదు. కొనడం, దానం చెయ్యడం, ఈ రెండే తెలుసు వాళ్ళకి. నువ్వు చేస్తున్నది పాడుకాకుండా చూసుకోవడం. దానికి నెలనెలా, పని కనపడినా కనపడకపోయినా, ఆజ్ఞలు వెయ్యకుండా ఇవ్వాలి. సర్మిన్‌కి ఇస్తున్నట్టే.

కాగితం ఈ ఉత్తరంతోనే ఉంది. ఒక ఏడాదికి రాశారు. పెట్టెల మీద వచ్చినదానికి రెండింతలు. మా పనే ముందు చెయ్యాలన్న మాట ఎక్కడా లేదు, పాక్ హెంద్రో మూడుసార్లు చదివి చూశాడు. వచ్చే నెల తొమ్మిది గోదాముల వాళ్ళూ కూర్చున్నప్పుడు మిగతా వాళ్ళనూ అడుగుతానంది ఇబు యునియార్తి. ఎంతమంది ఒప్పుకుంటారో తెలియదు. శుక్రవారం పెట్టెలు మాత్రం ఆపేయించాను. ఒకే పనికి రెండు దారుల్లో తీసుకుంటే అది నాకు నచ్చదు. తుమిని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. డ్రైవర్లయితే పాక్ హెంద్రోను గేటు దగ్గర నిలదీశారట. పెళ్ళిళ్ళ నెల వస్తోంది, మాకు పని దొరుకుతుంది, ఆ బెంగ నువ్వు పెట్టుకోకు.

తప్పా అని అడిగావు. తప్పు కాదు. అలసిపోయినదానివి వదిలెయ్యాలనుకుంటే ఈ కాగితం చింపి పొయ్యిలో వెయ్యి, నేనేమీ అనను. తాళాలు మాత్రం మొహం తెలిసిన మనిషికే ఇవ్వు. కానీ ఎవరికీ అక్కర్లేదనుకుని వదలకు. అది అబద్ధం. ఆ అబద్ధం నీ చేత నమ్మించినదాన్ని నేనే. నలభయ్యో రోజున అన్న మాటలకు కూడా నన్ను క్షమించు. మీ నాన్న ఉంటే ఆ పావుగంట నీ పక్కనే కూర్చునేవాడు.

ఇంకొక్కటి మిగిలింది. ఇది రాయాలా వద్దా అని పొద్దున్నుంచి రెండుసార్లు లేచి వెళ్ళి వచ్చాను. పాక్ హెంద్రో చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదని రాశాను పైన. ఆయన అడిగింది ఆర్నెల్లు. మిగతా ఏడాదంతా నా సొంత నిర్ణయమే.

మీ నాన్న పోయాక నువ్వు నాతో మాట్లాడటం తగ్గించేశావు. తప్పు నీది కాదు, ఆ రోజు నేనన్న మాటలు అలాంటివి. ఆ తర్వాత మొదటి నెల డబ్బు పంపిన రోజున నువ్వు ఫోన్ చేశావు. "అందిందమ్మా, నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో" అన్నావు. అరగంట మాట్లాడావు. రెండో నెలా చేశావు. ఒకటో తారీఖు వచ్చిందంటే నేను వంట పెందలాడే ముగించి, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. నిజం చెబితే ఆ పిలుపు పాక్ హెంద్రోకు వెళ్ళిపోతుందని భయపడ్డాను. నీకు రావలసిన మంచిమాట నేను దాచుకుని, దాంతో నా కూతుర్ని కొనుక్కున్నాను.

ఈ నెల నుంచి డబ్బు నీ పేరునే, నీ బ్యాంకుకే వస్తుంది. ఒకటో తారీఖున నాకు ఫోన్ చెయ్యడానికి నీకు పనేమీ ఉండదు.

ఊరికే చెయ్యి తల్లీ.

ఇట్లు,
ఫోన్ పక్కనే కూర్చుని ఉండే
మీ అమ్మ